వోల్టేజిని నిలుకడగా నుంచుట

సాయంకాలము దీపములు వెలిగించు వేళకు మన యిండ్లలోనికి వచ్చు విద్యుచ్ఛక్తి యొక విధముగా నుండును. అర్ధరాత్రి ఊరంతయు నిద్రించిన తరువాత మఱియొక విధముగా నుండును. కాగితముమీద దాని వోల్టేజి 230. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమములు ఈ సంఖ్యకు నూటికి ఆరు వంతుల హెచ్చుతగ్గులను మాత్రమే అనుమతించినవి. అనగా 216 మొదలు 244 వరకు. కాని పల్లెలో లైను కొసనున్న యింటివారికి ఈ లెక్క తెలిసినను, వారి దీపమునకు తెలియదు. చుట్టుప్రక్కల పొలములలో మోటారులన్నియు ఒక్కసారి తిరుగుచున్నప్పుడు ఆ యింట వోల్టేజి 170కి దిగుట వింత కాదు. మోటారులు ఆగిన తరువాత అదే యింట 260కి ఎగబ్రాకుటయు వింత కాదు.

కారణము సులభమైనదే. ఎంత మంచి తీగకైనను కొంత నిరోధము ఉండును. తీగలో పోవు కరెంటు హెచ్చినకొలది ఆ నిరోధమునందు ఖర్చగు వోల్టేజియు హెచ్చును. ట్రాన్సుఫార్మరు ప్రక్కనున్న యింటికి ఈ బాధ తక్కువ. కిలోమీటరు దూరముననున్న యింటికి ఎక్కువ. దూరపు యింటిని దృష్టియందుంచుకొని ట్రాన్సుఫార్మరువద్ద వోల్టేజిని కొంత హెచ్చించి పంపుదురు. అందుచే భారము తగ్గిన వేళల అందఱికిని ఎక్కువే అందును.

ఈ హెచ్చుతగ్గులు రేడియో వినువారికి ఎట్లు తగులునో, వానిని అరికట్టు సర్క్యూటును ఎట్లు లెక్కకట్టి నిర్మింతురో నేడు మనము విచారింతము. రిఫ్రిజిరేటరు పైన గోడకు తగిలించు స్టెబిలైజరును గుఱించి కాదు మా ప్రసంగము. అది టక్కుమని చప్పుడు చేయుచు ట్రాన్సుఫార్మరు చుట్లలో ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు మారును. ఒక్కొక్క మెట్టు పది యిరువది వోల్టులు. మోటారునకు అది చాలును. సున్నితమైన రేడియోకు చాలదు.

ట్రాన్సిస్టరు రేడియోను బ్యాటరీలతో నడుపుట ఖర్చని, చాలమంది బజారునుండి బ్యాటరీ ఎలిమినేటరు అను చిన్న పెట్టెను తెత్తురు. దానిమీద 9 వోల్టులని ముద్రించియుండును. చౌకరకపు పెట్టెలో ఉండునది ఒక ట్రాన్సుఫార్మరు, డయోడులు, ఒక కండెన్సరు; అంతే. ఏకాంతర విద్యుత్తునకు పల్లమును శిఖరమును ఉన్నవి. 9 వోల్టులనునది వాని సరాసరి బలమును చెప్పు సంఖ్య. శిఖరము దానికి 1.4 రెట్లు, అనగా సుమారు 12.7 వోల్టులు. కండెన్సరు నిండునది ఈ శిఖరమువరకు. డయోడులలో ఒకటిన్నర వోల్టు పోయినను, భారము లేని చిన్న ట్రాన్సుఫార్మరు తన గుర్తుకంటె హెచ్చుగానే ఇచ్చును గనుక, మెల్లగా పాడు రేడియోకు 13 వోల్టులు అందవచ్చును. అర్ధరాత్రి లైను 260కి పోయినపుడు 15 దాటవచ్చును. 10 వోల్టులకు మాత్రమే తగిన కండెన్సరులు గల రేడియో దీనిని ఎన్నాళ్లు ఓర్చుకొనును? మరమ్మతు చేయువారు రేడియో పాతబడినదందురు. నిజమునకు పాతబడినది రేడియో కాదు.

హెచ్చుట మాత్రమే కాదు, తగ్గుటయు కీడే. రేడియో నెమ్మదిగా మాటాడునపుడు 15 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. మృదంగముమీద గట్టి దెబ్బ పడునప్పుడు 100 వరకు లాగును. దెబ్బపడిన ప్రతిసారి పెట్టె వోల్టేజి క్రుంగినయెడల ఆ నాదము చిట్లిపోవును. దీనికితోడు సెకనుకు నూరు పర్యాయములు కండెన్సరు కొంచెము నిండుచు కొంచెము వెలితియగుచు నుండుటచే జుమ్మను మ్రోత వెనుకనుండి వినవచ్చును. కావున మనకు కావలసినది మూడు విధముల నిలుకడ: లైను మారినను మారరాదు, రేడియో లాగు కరెంటు మారినను మారరాదు, మ్రోత ఉండరాదు.

మన చెరువు తూమువద్ద నుండు నీరుగంటిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చెరువు నిండుగా నున్నపుడు తూమును కొంచెమే తెఱచును; నీరు దిగినకొలది మఱికొంత తెఱచును. కాలువలో నీటిమట్టమునకు అతనికి ఒక గుర్తు కలదు. రాతిమీద గీచిన గీత కావచ్చును. గీతను చూచును, నీటిని చూచును, తూమును సవరించును. వోల్టేజిని నిలుపు ప్రతి సర్క్యూటులోను ఈ మూడు పనులును ఉన్నవి. ఒక సంగతి మాత్రము మఱువరాదు: చెరువులోని నీరు గీతకంటె దిగువకు పోయిన తరువాత ఎంతటి నేర్పరియైన నీరుగంటియు చేయగలిగినది లేదు. నిలుకడ కావలెనన్న కావలసినదానికంటె ఎక్కువ చేతనుండవలెను. ఆ యెక్కువ ఎక్కడికి పోవును అనునదే ఈ విద్యలోని చిక్కంతయు.

మొదట గీత సంగతి. వాల్వుల కాలమున ఈ గీతగా పనిచేసినది వాయువు నింపిన గాజు బుడ్డి. ఓఏ2 అను పేరుగల బుడ్డి 5 మొదలు 30 మిల్లీ ఆంపియర్లవరకు ఎంత కరెంటు పోయినను తన రెండు కొసలమధ్య సుమారు 150 వోల్టులను నిలుపుచుండెను. పనిచేయునపుడు లోపల వెలుగు కనబడుటచే అది బ్రతికియున్నదో లేదో చూచి చెప్పగలిగెడివారు. ఈ సౌకర్యము తరువాత వచ్చిన పరికరములలో లేదు.

ట్రాన్సిస్టరు కాలమున దాని స్థానమునకు వచ్చినది జీనరు డయోడు. క్లారెన్స్ జీనరు అను అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు, బలమైన విద్యుత్ క్షేత్రమునందు ఘనపదార్థములలోని అడ్డుకట్ట తెగి కరెంటు ఎట్లు ప్రవహించునో 1934లో సిద్ధాంతీకరించెను. డయోడు సామాన్యముగా ఒకే దిక్కున కరెంటును పోనిచ్చును. ఎదురు దిక్కున ఒత్తిడి పెంచినకొలది ఒకానొక వోల్టేజివద్ద అది హఠాత్తుగా దారి విడుచును. అటుపైన కరెంటు ఎంత హెచ్చినను వోల్టేజి ఇంచుమించు అచ్చటనే నిలుచును. ఆ స్థానమును తయారుచేయునపుడే నిర్ణయింపవచ్చును. తమాషా యేమనగా, ఇంచుమించు 6 వోల్టులకు మించిన జీనరులలో జరుగునది జీనరు చెప్పిన క్రియ కాదు. ఒక ఎలక్ట్రాను మఱియొకదానిని, ఆ రెండును మఱి రెంటిని తట్టిలేపు వరద వంటి క్రియ. ఐనను పేరు ఆయనదే నిలిచినది.

ఇక లెక్కకు దిగుదము. మనకు కావలసినది 9 వోల్టుల రేడియోకు తగిన పెట్టె. గీతగా 9.1 వోల్టుల జీనరును తీసికొందము. తూము పలకగా ఒక ట్రాన్సిస్టరును తీసికొందము. బీడీ 139 వంటిది ఏదైనను సరిపోవును. జీనరును ట్రాన్సిస్టరు బేసునకు కలిపినయెడల, దాని ఎమిటరు బేసుకంటె 0.6 వోల్టు తక్కువగా, అనగా 8.5 వద్ద నిలుచును. రేడియో ఎక్కువ లాగబోయి ఎమిటరు కొంచెము క్రుంగినంతనే బేసునకు ఎమిటరునకు మధ్య తేడా పెరిగి, ట్రాన్సిస్టరు తానే మఱికొంత తెఱచుకొనును. ఆఱు సెల్లులతో నడచు రేడియోకు 8.5 చక్కగా సరిపోవును. జీనరునకు, బేసునకు కరెంటు అందించుటకు ఒక రెసిస్టరు కావలెను. దాని విలువ ఎంత? పెట్టె ప్రాణమంతయు ఈ ప్రశ్నలో నున్నది.

మొదట 12 వోల్టుల ట్రాన్సుఫార్మరుతో ప్రయత్నింతము. లైను 230 ఉన్నపుడు శిఖరము 17. డయోడులు తీసికొన్నది పోగా 15.5. తొమ్మిదింటికి పదునైదున్నర చాలునని తోచును. కాని మనము లెక్కించవలసినది మంచి వేళకు కాదు, చెడ్డ వేళకు. లైను 170కి దిగినపుడు కండెన్సరులో మిగులునది 11 వోల్టులు. వేయి మైక్రోఫారడుల కండెన్సరు మీద 100 మిల్లీ ఆంపియర్లు లాగుచుండగా, సెకనులో నూరవ వంతు కాలమున ఒక వోల్టు వెలితి యగును, మిగిలినది 10. జీనరు 9.1 పోగా రెసిస్టరుకు దక్కినది 0.9 వోల్టు మాత్రమే. ట్రాన్సిస్టరు కరెంటును ఏబది రెట్లు పెంచగలదనుకొన్న బేసునకు 2 మిల్లీ ఆంపియర్లు, జీనరు మెలకువగా నుండుటకు 5, వెరసి 7 కావలెను. అందుకు 120 ఓములు సరిపోవును. సాయంకాలము గడచినది.

ఇపుడు అర్ధరాత్రి చూడుడు. లైను 260. కండెన్సరులో 17.7 వోల్టులు. అదే 120 ఓముల రెసిస్టరుమీద ఇపుడు 8.6 వోల్టులు పడును. కరెంటు 72 మిల్లీ ఆంపియర్లు. రేడియో నెమ్మదిగా నున్నపుడు ఇది దాదాపు అంతయు జీనరు మీదనే పడును. 9.1 వోల్టులచే హెచ్చించిన 0.65 వాటు. సామాన్యపు చిన్న జీనరు 0.4 వాటునకు మాత్రమే తగినది. అది కాలిపోవును. సాయంకాలమును గట్టెక్కించిన రెసిస్టరే అర్ధరాత్రి జీనరును చంపినది.

అందుచే ట్రాన్సుఫార్మరును 15 వోల్టులకు మార్చుదము. 170 వద్ద కండెన్సరులో 14.2, వెలితి పోగా 13.2. రెసిస్టరుకు 4.1 వోల్టులు దక్కును గనుక 560 ఓములు పెట్టవచ్చును. 7 మిల్లీ ఆంపియర్లు వచ్చును. 260 వద్ద కండెన్సరులో 22.5, కరెంటు 24 మిల్లీ ఆంపియర్లు, జీనరులో వేడి 0.22 వాటు. నిక్షేపముగా నుండును. చెరువు కొంత లోతైనది గనుక తూము పని సుకరమైనది. జుమ్మను మ్రోత కూడ తగ్గును: 560 ఓములకు ఎదురుగా జీనరు నిరోధము పది ఓముల వంతున నుండుటచే ఒక వోల్టు తరంగము బేసువద్ద సుమారు 18 మిల్లీవోల్టులకు దిగును. జీనరుకు ప్రక్కగా ఒక కండెన్సరు కలిపినయెడల ఆ మిగిలినదియు చెవికి ఆనదు. మొదటి కండెన్సరు మాత్రము 25 వోల్టులది కొనరాదు. భారము లేనపుడు 22.5 దాటి పోవచ్చును గనుక 35 వోల్టులది కొనవలెను.

ఐతే దీనికి వెల యెవరు చెల్లింతురు? ట్రాన్సిస్టరు. 22.5 వోల్టులు వచ్చుచుండగా 8.5 మాత్రమే రేడియోకు ఇచ్చి తక్కిన 14 వోల్టులను తానే భరించును. 100 మిల్లీ ఆంపియర్లవద్ద 1.4 వాట్లు వేడియగును. రేడియోకు అందినది 0.85 వాటు. ఇచ్చినదానికంటె వృథాయైనది హెచ్చు! ఊరక వదలిన ఈ చిన్న ట్రాన్సిస్టరు ఒక్కొక్క వాటునకు ఇంచుమించు నూరు డిగ్రీలు వేడెక్కును. రోహిణీకార్తెలో రెంటచింతలలోనో రామగుండములోనో పెట్టెలోపల 50 డిగ్రీలుండగా, మఱి 140 చేరినయెడల దానికి బ్రతుకు లేదు. దాని హద్దు 150. అరచేతిలో నిముడు అల్యూమినియము రేకును దానికి బిగించినచో ఈ పెరుగుదల నలుబది యేబది డిగ్రీలలో ఆగును. ఈ రేకును, పెట్టెకు గాలి రంధ్రములను పిసినారితనముతో మానివేసినవారు మంచి సర్క్యూటును కూడ ఒక వేసవిలో చంపుదురు.

ఇంకొక జాగ్రత్త. ట్రాన్సిస్టరు చచ్చునపుడు చాలసార్లు తలుపు మూసికొని చావదు, తెఱచుకొని చచ్చును. అనగా 22 వోల్టులును తిన్నగా రేడియోకు పోవును. కావలివాడు పడిపోయిన తరువాత యిల్లు కాచునదేది? బయటకు పోవు తీగలమధ్య 12 వోల్టుల పెద్ద జీనరు నొకదానిని, దానికి ముందు పావు ఆంపియరు ఫ్యూజును ఉంచవలెను. మంచి రోజులలో ఈ జీనరు ఏ పనియు చేయదు. చెడ్డ రోజున తాను కరెంటును త్రాగి ఫ్యూజును తెంచి రేడియోను దక్కించును. దీనికగు ఖర్చు స్వల్పము.

ఈ సర్క్యూటులో ట్రాన్సిస్టరు తన కంటితో తానే చూచుకొనుచున్నది. చూపు కొంచెము మసక. రేడియోకు అది చాలును. కొలత పరికరములకు మఱింత నిశితమైన చూపు కావలెను. అచ్చట బయటకు పోవు వోల్టేజిలో ఒక భాగమును వెనుకకు తెచ్చి, గీతతో పోల్చి, స్వల్పమైన తేడాను వేలరెట్లు పెంచి ట్రాన్సిస్టరును నడపు ప్రత్యేకమైన ఆంప్లిఫయరు నుంతురు. బయటి ఫలమును వెనుకకు తెచ్చి దోషమును సవరించుకొను ఈ పద్ధతిని ఆంప్లిఫయరులయందు 1927లో బెల్ ప్రయోగశాలకు చెందిన హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టెను. ఇందు ఒక అపాయము కలదు. తూము తెఱచిన తరువాత నీరు కాలువ కొసకు చేరుటకు కొంత కాలము పట్టును. నీరుగంటి తొందరపాటువాడై, నీరు చేరకమునుపే మఱికొంత తెఱచి, చేరిన తరువాత భయపడి మూసి, మరల తెఱచుచున్నయెడల కాలువ నిలుకడగా నుండుటకు మారుగా ఊగిసలాడును. సర్క్యూటులును ఇట్లే ఊగును. అందుచే చూపు నిశితమైనకొలది చేతిని కొంత నెమ్మదింపజేయుటకు తగిన స్థానములలో చిన్న కండెన్సరులను పెట్టుదురు.

గీత కూడ రాతిమీదిది కాదు. మన 9.1 వోల్టుల జీనరు ఒక్కొక్క డిగ్రీకి సుమారు 5 మిల్లీవోల్టులు పెరుగును, ట్రాన్సిస్టరులోని 0.6 వోల్టు డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గును. ఈ రెండును కలిసి ముప్పది డిగ్రీలకు 0.2 వోల్టు తేడా తెచ్చును. తగ్గు గుణమును తగినంత పెరుగు గుణముతో కూడిన, వేడికి చలింపని గీత దొరకునను ఊహను 1964లో డేవిడ్ హిల్బిబర్ ప్రకటింపగా, 1971 నాటికి రాబర్ట్ విడ్లారు దానిని ఒక్క సిలికాను ముక్కలో సాధ్యము చేసెను. అట్టి గీత సుమారు 1.2 వోల్టులవద్ద నిలుచును. ఆ విలువ సిలికాను స్వభావములోనే యున్నది.

గీత, ఆంప్లిఫయరు, ట్రాన్సిస్టరు అన్నియు ఒకే ముక్కలో నిమిడిన మూడు కాళ్ల చిప్పులు 1970 తరువాత బజారునకు వచ్చినవి. 7809 అనునది తిన్నగా 9 వోల్టుల నిచ్చును. హద్దుమీరి వేడెక్కినపుడు తనంతట తానే పని మానుకొనును. మన బీడీ 139కి ఈ తెలివి లేదు. కొత్తగా పెట్టె కట్టుకొనువారు దీనినే వాడుట మేలు. ఐనను తనపైన పడిన వోల్టులను వేడిగా మార్చుట దానికిని తప్పదు. అల్యూమినియము రేకు దానికిని కావలెను.

వేడి అక్కఱలేదనుకొన్నవారు వేఱొక త్రోవ తొక్కిరి. తూమును సగము తెఱచి నిలుపుటకు మారుగా, సెకనుకు వేల పర్యాయములు పూర్తిగా తెఱచుచు పూర్తిగా మూయుచు ఉందురు. పూర్తిగా తెఱచినపుడు ఒరిపిడి లేదు. పూర్తిగా మూసినపుడు ప్రవాహము లేదు. కావున వేడి స్వల్పము. చేతిలో నిముడు నేటి మొబైలు చార్జరులు ఇట్టివే. నూటికి ఎనుబది వంతులకు పైగా శక్తిని అవి వృథాపోనీయవు. 100 వోల్టులు వచ్చినను 240 వచ్చినను వానికి సమానమే. వీనిని మెచ్చుకొనక తప్పదు.

కాని రేడియో వినువారు వానిని మెచ్చుకొని దూరముగా నుంచవలెను. అట్లు తెఱచుచు మూయుచు నుండుట తానే ఒక చిన్న ప్రసార కేంద్రము. చార్జరులలో పెక్కు సెకనుకు ఇంచుమించు 65 వేల పర్యాయములు ఈ పనిచేయును. 65 కిలోహెర్ట్జుల ఆ చప్పుడు తన గుణిజములన్నింటివద్దను తల యెత్తును: 585, 650, 715, 780, ఇట్లు మీడియం వేవు పొడవునను. దూరపు కేంద్రమును పట్టుకొనబోవు రేడియో దానికి మారుగా ప్రక్కనున్న చార్జరు బుసను పట్టుకొనును. వేడిగా, బరువుగా, పాతకాలపు దానివలె కనిపించు మన ట్రాన్సుఫార్మరు పెట్టెకు ఈ దోషము లేదు. అందువలన మీడియం వేవు వినుటకు మా యోటు దానికే.

మీ రేడియోలో బుస వినవచ్చుచున్నయెడల, మరమ్మతుదారుని పిలుచుటకు ముందు ఇంటిలోని చార్జరులను ఒక్కొక్కటిగా ప్లగ్గునుండి తీసిచూడుడు. ఏది తీసినపుడు బుస ఆగునో దానిని వేఱొక గదికి మార్చినను, రేడియోను పెట్టె తీగనుండి విడదీసి కొంతసేపు సెల్లులతో నడిపి చూచినను, దోషము ఏ త్రోవను వచ్చుచున్నదో తెలియును. ఎల్‌ఇడి దీపములను కూడ ఇట్లే పరీక్షింపవలెను. వానిలో పెక్కింటి మరలోపలను ఈ విధమైన సర్క్యూటే యుండును.